గ్రీకు చికెన్, శామీర్‌పేట ఎండ

పిజ్జాతో పాటు వచ్చే ఆరెగానో ప్యాకెట్లు మీ ఇంట్లో ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. మా ఫ్రిజ్ డోర్‌లో ఒక స్టీలు డబ్బా ఉంది, దాన్నిండా అవే. పారేయడానికి మనసొప్పదు, వాడే దారి దొరకదు. పోయిన ఎండాకాలం ఒక శనివారం రాత్రి దారి దొరికిందనుకున్నా. ఫోన్లో ఒక రీల్. సముద్రం పక్కన రాతి ఇల్లు, నిప్పుల మీద పుల్లకి గుచ్చిన చికెన్, పైనుంచి నిమ్మరసం పిండుతున్న చెయ్యి. మర్నాడే మా కజిన్స్ అందరం శామీర్‌పేట దాటాక ఒక ఫామ్‌హౌస్ ఒక్కరోజుకి అద్దెకి తీసుకున్నాం. చికెన్ బాధ్యత నాది. ఇంకేముంది!

మూడు కిలోల చికెన్, పన్నెండు నిమ్మకాయలు, ఉన్న ప్యాకెట్లన్నీ, వెల్లుల్లి, నూనె. రాత్రి పదింటికి కలిపి ఫ్రిజ్‌లో పెట్టా. అమ్మ వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది. "పసుపు లేదు, అల్లం లేదు, కారం లేదు. జరం వచ్చినోళ్ల కోసమా ఇది?" అంది. గ్రీకు వంటమ్మా, నీకు తెల్వదు అన్నా. పొద్దున తొమ్మిదింటికి గిన్నెలోంచి ప్లాస్టిక్ సంచిలోకి వంచి, మూతి ముడేసి, బండి ముందర పెట్టుకుని మేడ్చల్ నుంచి బయల్దేరా. అక్కడికెళ్లాక క్రికెట్, ఈత, ఫొటోలు. బొగ్గులు అంటుకునేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. సంచి అప్పటిదాకా వరండాలో ఉంది. నీడలోనే ఉందిలే అని నా ధీమా.

ముక్కలు నిప్పుల మీద పెట్టగానే తేడా తెలిసింది. పైన సుద్దముక్కలా పిండి పిండిగా రాలుతోంది, ఎముక దగ్గర ఇంకా పచ్చి. ఎండిపోతోందని సంచిలో మిగిలిన రసాన్నే బ్రష్‌తో కాలిన ముక్కల మీద పూశా. అందరూ నా మొహం చూసి బాగుందన్నారు. సోమవారం తెల్లారేసరికి నలుగురు పడకేశారు. మా అక్కవాళ్లాయన, అంటే మా బావకి రెండు సెలైన్ బాటిళ్లు ఎక్కాయి.

ఇక్కడో మాట చెప్పాలి. మా బావ తుర్కపల్లి వైపు, జీనోమ్ వ్యాలీలో ఒక కంపెనీ కోల్డ్ స్టోరేజ్‌లో పని చేస్తాడు. కొవాగ్జిన్ తయారైంది ఆ వ్యాలీలోనే. అలాంటి టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, ఫ్యాక్టరీ గేటు నుంచి సూది దాకా. బావ ఉద్యోగమంతా ఆ అంకెల కాపలానే. మంచం మీద పడుకుని నాతో అన్న మాట ఇది: "మేము ఒక్క డబ్బా కోసం మీటర్లు పెట్టుకొని కూసుంటం రా. నువ్వు కోడిని సంచిల ఏసి ఎండల తిప్పినవ్."

తప్పు బొగ్గులది కాదు, కోడిదీ కాదు. ఎండ వల్లా, పచ్చి రసం పూయడం వల్లా, సరిగ్గా ఉడకకపోవడం వల్లా? మూడూ నా పనులే కాబట్టి ఏది అన్నది తేలినా పెద్ద తేడా ఉండదు. ఆ తర్వాత మా చిన్నమ్మ నా చేతి వంట ముట్టలేదు. దాంతో కొన్ని నెలలు కూర్చుని, చదివి, చిన్న చిన్న మోతాదుల్లో చేసి చూసి తెలుసుకున్న సంగతులు ఇవి. మీలో ఎంతమంది వచ్చే ఆదివారానికి శామీర్‌పేట చెరువు వైపు ప్లాన్ వేసుకున్నారో నాకు తెలుసు, అందుకే రాస్తున్నా.

ముందు నిమ్మకాయ గురించి, ఎందుకంటే అందరం బోల్తా పడేది అక్కడే. గ్రీకు వాళ్లు వాడేది లెమన్. పెద్దది, పసుపు పచ్చది, తోలు మందం. మన బండి మీద దొరికేది చిన్న కాగ్జీ నిమ్మ, అంతకన్నా పులుపు. పైగా పులుపు ముక్క లోపలికి అంత దూరం వెళ్లదు. పై పొరలోని మాంసకృత్తుల్ని నిప్పు లేకుండానే ఉడికించినట్టు గట్టిపరుస్తుంది. రాత్రంతా ఉంచితే ఆ పొర సుద్దలా అయిపోతుంది. ఎంత ఎక్కువసేపు నానితే అంత రుచి అన్నది ఈ విషయంలో ఉత్తమాట. నిజంగా లోపలికి వెళ్లేది ఉప్పు. వెల్లుల్లి, ఆకుల వాసన, నూనె ఎక్కువ భాగం పైపైనే ఉంటాయి. కాబట్టి రాత్రే పని ముగించుకోవాలనుకుంటే ఉప్పు, నూనె, వెల్లుల్లి, ఆకు కలిపి పెట్టండి. నిమ్మరసం మాత్రం కాల్చడానికి గంటా రెండు గంటల ముందు.

నిమ్మరసం పోశాం కదా, క్రిములు చస్తాయి అనే నమ్మకం కూడా మానుకోవాలి. మానలేకపోతే బావ నంబర్ ఇస్తా.

కిలో చికెన్‌కి ఇప్పుడు నేను వేసే లెక్క: సన్న ఉప్పు రెండు టీస్పూన్లు, అంటే సుమారు 12 గ్రాములు. నిమ్మకాయలు మూడు, పెద్దవైతే రెండున్నర. నూనె నాలుగు టేబుల్ స్పూన్లు. వెల్లుల్లి పది రెబ్బలు, మన రెబ్బలు చిన్నవి కదా. దంచండి, పేస్టు వద్దు. డబ్బా అల్లం వెల్లుల్లి పేస్టు వేశారంటే అది మళ్లీ మన కూరే. మిరియాల పొడి ఒక టీస్పూన్. ఎండు ఆరెగానో ఒక టేబుల్ స్పూన్. అంతే. గ్రీసులో నూనె, నిమ్మరసం కలిపి గిలక్కొట్టిన దాన్ని లాదోలెమొనో అంటారు. లాది అంటే నూనె, లెమొని అంటే నిమ్మ. ఆ రెండు మాటల్లోనే వంట మొత్తం ఉంది. పుల్లకి గుచ్చి కాల్చేదాన్ని సువ్లాకి అంటారు. అక్కడ అది ఎక్కువగా పంది మాంసంతో చేస్తారు, చికెన్‌తోనూ చేస్తారు.

ఈ ఆరెగానో ప్యాకెట్ల సంగతి. వెనక చిన్న అక్షరాలు చదివితే చాలా వాటిలో ఆకొక్కటే ఉండదు, ఉప్పు, కారం, ఇంకేవో కలిసి ఉంటాయి. ముప్పై ప్యాకెట్లు చింపి పోస్తే కోడి కాస్తా ఉప్పుచేప అవుతుంది. వాడితే ఉప్పు సగానికి తగ్గించండి.

కానీ అసలు సరదా సంగతి నాకు మల్లెపూల దండలో దొరికింది. దండ మధ్యలో పచ్చగా గుచ్చుతారే, మరువం, అది ఆరెగానోకి సొంత చెల్లెలు. రెండూ ఒకే ఒరిగానమ్ కుటుంబం. ఒకటి ఒరిగానమ్ వల్గారే, మనది ఒరిగానమ్ మజొరానా. మరువం వాసన కొంచెం తియ్యగా, మెత్తగా ఉంటుంది. మనం తరతరాలుగా జడలో పెట్టుకుని తిరుగుతున్నదాన్ని వాళ్లు మాంసానికి పూస్తున్నారు! అలాగని పూలబజార్లో కొన్న మరువం కోడికి వేయకండి, తినడం కోసం పెంచింది కాదది, ఏ మందు కొట్టారో తెలీదు. నర్సరీ నుంచి మొక్క తెచ్చుకుని బాల్కనీలో పెట్టుకుని, కొత్తగా వచ్చిన చిగుళ్లు వాడుకోండి.

ఇంకోటి వామాకు. మందంగా, నూగుగా, బజ్జీలు వేసుకునే ఆకు. ఇది ఆరెగానోకి దూరపు చుట్టమే, మొక్క మాత్రం వేరు. కానీ ఆరెగానోకి ఆ ఘాటు వాసననిచ్చే కార్వక్రాల్ అనే పదార్థం వామాకు నూనెలోనూ ఉంటుంది. అందుకే కళ్లు మూసుకుని నలిపి వాసన చూస్తే పిజ్జా గుర్తొస్తుంది. కిలోకి ఐదారు ఆకులు సన్నగా తరిగితే చాలు, ఎక్కువైతే దగ్గు మందులా ఉంటుంది. మరువం కొంచెం, వామాకు కొంచెం కలిపితే నాకు ప్యాకెట్ కన్నా అదే నచ్చింది. అమ్మకి ఈ సంగతి చెప్పాక గ్రీకు చికెన్ మీద కొంచెం గౌరవం పెరిగింది. పసుపు మాత్రం అడుగుతూనే ఉంది.

నూనె విషయంలో జేబు చూసుకోండి. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ ఆయిల్ రుచి వేరు, ధర కూడా వేరు. తక్కువలో వస్తోందని పోమేస్ అని రాసిన సీసా కొంటారు చాలామంది. పండు పిండేశాక మిగిలిన పిప్పిలోంచి రసాయనాలతో లాగి, తర్వాత శుద్ధి చేసిన నూనె అది. వేపుడికి పర్వాలేదు, వాసన కోసమైతే డబ్బు దండగ. రెండు స్పూన్లు ఎక్స్‌ట్రా వర్జిన్, రెండు స్పూన్లు పల్లినూనె కలపండి. గ్రీకులు ఒప్పుకోకపోవచ్చు, వాళ్లు మేడ్చల్ కిరాణా బిల్లు చూడలేదు.

పెరుగు వేసే పద్ధతీ ఉంది. ఎండాకాలం నాకు అదే ఇష్టం, నిమ్మంత దూకుడు ఉండదు. గ్రీక్ యోగర్ట్ కప్పు కొనక్కర్లేదు. కొన్నా అందులో చక్కెర, పండ్ల రుచులు లేనిదేనా చూసుకోండి, నేనొకసారి స్ట్రాబెర్రీది తెచ్చా. అరకిలో పెరుగు పల్చటి గుడ్డలో కట్టి, ఫ్రిజ్‌లోనే జల్లెడ మీద మూడు నాలుగు గంటలు ఉంచితే నీళ్లు దిగి గట్టిపడుతుంది. కిలోకి నాలుగు స్పూన్లు వేసి, నిమ్మకాయలు ఒకటిన్నరకి తగ్గించండి. మిగిలిన పెరుగులో కీరదోస తురిమి గట్టిగా పిండి, వెల్లుల్లి, ఉప్పు, నూనె చుక్క వేస్తే జాజికి. మన పెరుగుపచ్చడికి పోపు తీసేసినట్టు ఉంటుంది.

చికెన్ షాపులో ఉత్తగా బోన్‌లెస్ అంటే రొమ్ము ముక్క ఇస్తారు. లెగ్ బోన్‌లెస్ అని అడగండి. తొడ ముక్కలో కొవ్వు ఉంటుంది, నిప్పుల మీద రెండు నిమిషాలు ఎక్కువైనా ఎండిపోదు. నాటుకోడి దీనికి పనికిరాదు, అది కుండలో ఉడకాల్సిందే.

ఇంటికి తెచ్చాక కుళాయి కింద పెట్టి ధారగా కడగడం మనందరి అలవాటు. ఆ తుంపర్లతో పాటే సాల్మొనెల్లా లాంటివి సింకు, గట్టు, పక్కనున్న కీరదోస మీద కూడా పడతాయి. కడగొద్దనే నిపుణులు చెప్తారు. మన ఇళ్లలో ఆ మాట అంటే కోడికన్నా ముందు మనల్ని కడిగేస్తారు. కనీసం గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా తిప్పి తీయండి, తర్వాత సింకు సబ్బుతో తోమండి, ముక్కల్ని తడి లేకుండా ఒత్తండి. తడి ఉంటే నూనె పట్టదు.

ఇక ప్రయాణం. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములకి పండగ. పచ్చిమాంసం బయట రెండు గంటలకి మించి ఉండకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మన ఏప్రిల్, మే నెలల్లో పొద్దున పదింటికే 32 దాటుతుంది కదా! నేనేమో నాలుగు గంటలు ఉంచా. కాలిస్తే అన్నీ చస్తాయి కదా అంటారా? క్రిములు చస్తాయి గానీ, కొన్ని అప్పటికే వదిలిన విషం నిప్పుకి కూడా పోదు. స్టఫైలోకాకస్ అలాంటిదే.

ఐస్ పెట్టె లేనివాళ్లకి, హాస్టల్ పిల్లలకి నా సలహా: కోడిని మోసుకెళ్లకండి. నూనె, నిమ్మ, ఆకుల రసాన్ని సీసాలో పోసుకెళ్లండి, చికెన్ శామీర్‌పేటలోనే కొనండి. ముక్క చిన్నగా కొట్టిస్తే నిప్పు రాజేసేలోగా అరగంట చాలు. ఆ సీసా ఆ రోజుదే అయ్యుండాలి. పచ్చి వెల్లుల్లి నూనెలో నానుతూ రోజుల తరబడి బయట ఉంటే బొట్యులిజమ్ అనే ప్రమాదం ఉంది, అది సెలైన్‌తో పోయేది కాదు.

పైన పూయడానికి రసం కావాలంటే కోడి కలపకముందే రెండు స్పూన్లు వేరే గిన్నెలో తీసి పెట్టుకోండి. పచ్చి ముక్కలు నానిన రసం పారబోయాల్సిందే. పచ్చివి పెట్టిన పళ్లెంలో కాలినవి పెట్టకండి. బొగ్గులు లేకపోతే ఇనప పెనం చాలు, మందమైనది బాగా కాలాక ముక్కలు పరిచి కదపకుండా వదిలేయండి. ఎయిర్ ఫ్రయర్లో 200 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాల పైమాటే, మధ్యలో ఒకసారి తిప్పి. ముక్క లోపల మధ్యలో 74 డిగ్రీలు రావాలి. గుచ్చి చూసే థర్మామీటర్ ఆన్‌లైన్లో కొన్ని వందలకే దొరుకుతుంది, ఆ రీల్ చూసి కొన్న మిగతా సామాన్ల కన్నా అదే నాకు ఎక్కువ పనికొచ్చింది.

పోయిన నెల మళ్లీ కలిశాం. అదే బ్యాచ్, ఈసారి మా డాబా మీద, ఫ్రిజ్‌కి పన్నెండు మెట్ల దూరంలో. బావ వచ్చీ రాగానే చెయ్యి చాపాడు, కరచాలనానికి కాదు, థర్మామీటర్ కోసం. ఒక్కో పుల్ల నుంచి ఒక్కో ముక్క గుచ్చి, కళ్లు చిన్నవి చేసుకుని చూశాడు. డెబ్బై ఆరు. డెబ్బై ఎనిమిది. ఒకటి అరవై తొమ్మిది ఉంటే మళ్లీ నిప్పుల మీద పెట్టించాడు. తర్వాత పళ్లెం తెచ్చుకుని కూర్చున్నాడు, రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

చిన్నమ్మ మాత్రం ఇంటి నుంచి డబ్బాలో తెచ్చుకున్న పప్పుచారే పోసుకుంది. లేచేముందు జాజికి గిన్నె మూత తీసి వాసన చూసి, "పోపు పెట్టలే?" అని అడిగింది.