సబ్బు బుడగ పట్టిచ్చింది!

ఉదయగిరిలో ఉండే మా బాబాయి ఆత్మకూరు వెళ్లి ఓ పాత టిఫిను వ్యాను కొనుక్కొచ్చాడు. దోసె పెనం, ఇడ్లీ కుక్కరు, మూడు పొయ్యిలు, వాటికి గ్యాసు గొట్టాలు... అన్నీ లోపల బిగించే ఉన్నాయి. కొనేముందు ఇంజను చూపించుకున్నాడు. టైర్లు తన్ని చూశాడు. మరి గ్యాసు సంగతేంటంటే, ‘నిన్నటిదాకా దోసెలు పోసిన బండేగా నాయనా!’ అన్నాడు.

పిన్ని మాత్రం ఒప్పుకోలేదు. తెల్లారుజామున నాలుగింటికి ఆ డబ్బాలో నిలబడి పొయ్యి వెలిగించాల్సింది ఆమే మరి!

ఇంట్లో పొయ్యి కదలదు, బండిలోది కదులుతుంది. ఆత్మకూరు నుంచి ఉదయగిరి వచ్చేలోపే ఎన్ని కుదుపులో! వాటికి క్లిప్పులు వదులవుతాయి. రేకు కంతలోంచి గొట్టం వెళ్తుంటే ఆ అంచు దాన్ని రోజూ కాస్త కాస్త కోస్తూనే ఉంటుంది. నిన్న బాగున్న గొట్టం ఇవాళా బాగుండాలని లేదు.

ఇంకో చిక్కుంది. వంటగ్యాసు గాలికంటే బరువు. కారితే నీళ్లలా కిందికి జారి నేలమీదే పేరుకుంటుంది. వ్యాను కిటికీ ఎంత పెద్దదైనా పైనే ఉంటుంది కదా, దాంట్లోంచి పోదు. అందుకే నేలకు ఆనుకుని రంధ్రాలుండాలి. ఈ బండికీ ఉన్నాయి. కాకపోతే ఎలుకలు దూరకుండానేమో, ఎవరో గోనెపట్టా కుక్కేశారు! పిన్ని ముందు దాన్ని పీకేసింది.

తర్వాత పొయ్యి నాబులన్నీ కట్టేసి, రెగ్యులేటర్ తిప్పి, గిన్నెడు సబ్బునీళ్లు కలిపింది. కలిపింది మా ఉదయగిరి కొయ్య గరిటెతోనే లెండి. బ్రష్షుతో ప్రతి అతుకుకీ నురగ పూసింది. (అగ్గిపుల్ల గీసి చూసే మొనగాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి వద్దు.) రెండు పొయ్యిల దగ్గర ఏమీ లేదు. దోసె పెనం వెనక, చెక్క చాటున మాత్రం బుడగలు... ఒకదాని వెనక ఒకటి! బాబాయి నోట మాట లేదు.

వెంటనే రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు బార్లా తీశారు. లైటు స్విచ్చు జోలికి పోలేదు. మర్నాడు మెకానిక్ వచ్చి ఆ గొట్టం మార్చాడు. రబ్బరు ట్యూబు మీద తేదీ ఉంటుంది. పగుళ్లు లేకపోయినా ఐదేళ్లకు మార్చాల్సిందే. సిలిండరు పైన లోపలివైపు ‘బి-27’ లాంటి అక్షరాలుంటాయి. 2027 జూన్‌తో దాని పరీక్ష గడువు ముగుస్తుందని అర్థం. అన్నట్టు, ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండరును వ్యాపారానికి వాడటం నేరం. బండికి 19 కిలోలదే తెచ్చుకోవాలి. బండి కదిలేముందు రెగ్యులేటర్ తీసి, సిలిండరుకు మూత బిగించి, నిలబెట్టి కట్టాలి.

ఇంతా అయ్యాక బాబాయి, ‘చలికాలం తలుపులేసుకుని, సన్న మంట పెట్టుకుని బండిలోనే పడుకుంటా’ అన్నాడు. పిన్ని తాళంచెవి లాగేసుకుంది. గ్యాసు కారితే ముక్కు పసిగడుతుంది. అందుకే అందులో ఘాటు వాసన కలుపుతారు. మూసిన డబ్బాలో మంట వల్ల పుట్టే కార్బన్ మోనాక్సైడుకు ఏ వాసనా ఉండదు. నిద్రలో ఉన్నవాడికి అసలే తెలియదు. కిటికీలేని స్నానాలగదిలో గ్యాసు గీజరు పెట్టుకున్నవాళ్లకూ ఇదే ముప్పు.

వ్యానులో గోడకు ఇప్పుడు ‘1906’ అని పెద్దంకెలు రాసి ఉన్నాయి. గ్యాసు కారితే పిలవాల్సిన నెంబరు. బండి ఎక్కడికెళ్లి ఆగినా ముందు సబ్బుగిన్నె దిగుతుంది. కారం దోసె ఆ తర్వాతే!