సెప్టెంబరు 8, రెండుసార్లు

శ్రీహరికోటలో ప్రయోగం ఉందంటే సూళ్లూరుపేటలో మిద్దెలన్నీ జనంతో నిండిపోతాయి. పులికాట్ అవతల ముందు వెలుగు లేస్తుంది. ఫోన్లు పైకెత్తి, పిల్లల్ని భుజాల మీదికి ఎక్కించుకున్నాక గానీ మోత ఊరిదాకా రాదు. వచ్చిందంటే కిటికీ రెక్కలు అదురుతాయి. 2016 సెప్టెంబరు 8 సాయంత్రం జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్05 అలాగే లేచింది. తుపాను జాడలు పట్టే ఇన్‌శాట్-3డీఆర్ ఉపగ్రహాన్ని మోసుకుపోయింది. అలాంటి ఉపగ్రహం విలువ ఈ తీరానికి వేరే చెప్పక్కర్లేదు.

1944లో అదే తేదీన, సాయంత్రమే, లండన్‌లోని చిజిక్‌లో ఒక వీధి మీద జర్మన్ వీ-2 రాకెట్ పడింది. ముగ్గురు పోయారు. ధ్వనికన్నా వేగంగా వచ్చే ఆయుధం కనుక, అది పేలాకే దాని రాక వినబడేది. సైరన్ మోగించి జనాన్ని దాచే వ్యవధే ఉండేది కాదు.

తేదీలు కలవడం కాకతాళీయం. ఆ రెండు రాకెట్ల చుట్టరికం మాత్రం నిజం. రెండో ప్రపంచ యుద్ధం ముగింపు అనగానే మనకు హిరోషిమా గుర్తొస్తుంది. సూళ్లూరుపేట తెలుసుకోవాల్సిన ముగింపు ఇంకొకటుంది.

1943 ఆగస్టులో బ్రిటిష్ విమానాలు పీనెముండే రాకెట్ కేంద్రం మీద బాంబులు కురిపించాక, జర్మన్లు వీ-2 తయారీని నార్డ్‌హౌజెన్ దగ్గర కొండ సొరంగాల్లోకి మార్చారు. అక్కడ పనిచేసింది డోరా నిర్బంధ శిబిరం ఖైదీలు. మొదటి నెలల్లో వాళ్ల పడక కూడా ఆ సొరంగాల్లోనే, తవ్వకపు దుమ్ములో, పేలుళ్ల హోరులో. సుమారు 60 వేల మందిని అక్కడికి తోలారు. 20 వేల మంది దాకా చనిపోయారు. 1945 ఏప్రిల్ 11న చేరిన అమెరికా సైన్యం ఖైదీల శవాలనూ చూసింది, సొరంగాల్లోని రాకెట్ భాగాలనూ చూసింది. భాగాలను రైలెక్కించి తరలించుకుపోయింది. తర్వాత ఇంజనీర్లను కూడా. 1946 అక్టోబరులో సోవియట్ వాళ్లు తమకు దొరికిన నిపుణుల్ని రైళ్లెక్కించారు.

మరికొందరు జర్మన్ ఇంజనీర్లు ఫ్రాన్స్‌కు వెళ్లారు. వాళ్లలో కార్ల్ హైంజ్ బ్రింగర్ ఒకరు. పీనెముండేలో పనిచేసిన ఆయన అక్కడి వెర్నాన్‌లో రూపొందించిన ఇంజన్ల వరసలోదే వైకింగ్. 1974లో ఫ్రాన్స్‌తో కుదిరిన ఒప్పందం మీద నంబి నారాయణన్ నాయకత్వంలో మన ఇంజనీర్లు అదే వెర్నాన్‌కు వెళ్లారు. తమ పనినే చెల్లింపుగా ఇచ్చి ఆ విద్య సంపాదించుకొచ్చారు. దాంతో తయారైనదే మన వికాస్ ఇంజన్. 2016 సెప్టెంబరు 8న లేచిన రాకెట్‌లో వికాస్‌లు ఐదు. చంద్రయాన్-3ని మోసిన రాకెట్‌లో రెండు.

ఇదంతా తవ్వితే ఇస్రో గొప్ప తగ్గుతుందని కొందరంటారు. నేనలా అనుకోను. చెమటోడ్చి నేర్చుకున్న విద్యకు ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. నన్ను బాధించేది వేరు. గెలిచిన దేశాలు ఇంజనీర్ల కోసం పోటీపడ్డాయి, ఖైదీల ఊసు మాత్రం పక్కన పెట్టాయి. ఆ సొరంగాల్లో రాకెట్ల తయారీని నడిపించిన ఆర్థర్ రుడాల్ఫ్ తర్వాత అమెరికాలో సాటర్న్-5 రాకెట్ పనికి సారథి అయ్యాడు. మనిషి చంద్రుడి మీద దిగాక పదమూడేళ్లకు, 1982లో గానీ లెక్క అడగలేదు. విచారణకు నిలబడకుండా 1984లో దేశం దాటిపోయి పౌరసత్వం వదులుకున్నాడు.

రాకెట్‌కు అంతరిక్షం, ఆయుధం అనే రెండు దారులున్నాయని మనకూ తెలుసు. 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి రోహిణిని కక్ష్యలో పెట్టిన ఎస్‌ఎల్‌వీ-3 మొదటి దశే, 1989లో పరీక్షించిన అగ్ని క్షిపణికి కూడా మొదటి దశ అయింది. ఇది దాచుకోవాల్సిన సంగతి కాదు, పిల్లలకు చెప్పాల్సిన సంగతి.

ఏటా అక్టోబరులో ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలకు శ్రీహరికోట కేంద్రం (షార్) వాళ్లు ప్రదర్శనలు పెడతారు. బడిపిల్లలు నమూనా రాకెట్ల దగ్గర బారులు తీరతారు. అక్కడ ఒక బోర్డు పెట్టాలని నా కోరిక. దాని మీద డోరా పేరుండాలి, అక్కడ పోయినవాళ్ల లెక్కుండాలి, వెర్నాన్ మీదుగా వికాస్ దాకా వచ్చిన దారి ఉండాలి. రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు శ్రీహరికోట దీవిలో తమ తావులు వదలాల్సివచ్చిన యానాదుల గురించి కూడా రాయాలి. డోరాతో దాన్ని పోల్చలేం, పోల్చకూడదు. కానీ పిల్లలు ప్రయోగం చూసేది ఆ నేల వైపే కదా, అక్కడ ఎవరుండేవారో వాళ్లకు చెప్పాలి.