మాంద్యము తొలగినది, మస్టరు మారినది

తెల్లవారకమునుపే జనగామ స్టేషనులో సికింద్రాబాదు బండికై కాచియుండువారిని, మానుకోటనుండి కాజీపేట మీదుగా అదే దిక్కునకు సాగువారిని, రైలుపట్టాలే ఎరుగని భూపాలపల్లినుండి బస్సుపై హనుమకొండ చేరి అక్కడ మరియొక బస్సు పట్టువారిని చూచినచో, హైదరాబాదులో కొలువులు పెరిగినవో తరిగినవో లెక్కలు వెలువడకముందే తెలిసిపోవును. 2020 మార్చిలో లాక్‌డౌను విధింపబడినప్పుడు ఈ ప్రవాహము వెనుకకు మరలినది. నగరమున జీతము నిలిచినవారు ఎట్లో ఇండ్లకు చేరి పొలములలోను, ఉపాధిహామీ పనులలోను చేయి కలిపిరి. ప్రైవేటు బడులు మూతపడి ఉపాధ్యాయులు పడిన పాట్లు ఎంతటివనగా, 2021 ఏప్రిల్‌లో రాష్ట్రప్రభుత్వము వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ప్రకటింపవలసివచ్చినది.

ఆ గడ్డుకాలము గడచినది, బండ్లు మరల నిండినవి, మాంద్యము తొలగెనని ఆర్థికపండితులు ప్రకటించిరి. కాదనను. అయితే తిరిగి వెళ్ళినవారికి వెనుకటి కుర్చీయే దొరికినదా అని ఎవరును అడుగరైరి. కుర్చీ పోయిన అనేకులకు మోటారుసైకిలు మిగిలినది. నెలజీతము పోయి ఆర్డరుకింత అను లెక్క వచ్చినది. ఆ లెక్కలో జీతముతోడి సెలవునకు గాని భవిష్యనిధికి గాని చోటు లేదు. వీరికి ‘గిగ్ కార్మికులు’ అను నామకరణము 2020 నాటి సామాజిక భద్రతాస్మృతిలోనే జరిగినది గాని, పేరు పెట్టినంతనే బిడ్డకు పాలు దొరకవు కదా!

ఇది నగరపు వింత మాత్రమేయని తలచువారు భూపాలపల్లి గనుల వైపు చూడవలెను. 1990ల దశకమున ఆ గనులను నడుపు సింగరేణి సంస్థ నష్టములలో కూరుకొని రెండు మార్లు ఖాయిలా పరిశ్రమల విచారణకు గురియైనది. ఆనాడు దాని గనులలో మస్టర్లు చేయువారు లక్షకు పైబడియుండిరి. తరువాత సంస్థ కోలుకొన్నది; స్వచ్ఛంద విరమణలు వచ్చినవి; భూగర్భగనులు తగ్గి ఓపెన్‌కాస్టులు విస్తరించినవి; 2023-24లో తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులను దాటినది; పర్మినెంటు కార్మికులు మాత్రము ఇంచుమించు 42 వేలకు దిగిరి. గనిలోని పైకప్పు కూలి మనిషి చచ్చుటకంటె యంత్రము బొగ్గు తవ్వుటయే మేలని నేనును ఒప్పుకొందును. నా తగవు యంత్రముతో కాదు. ఓబీ (బొగ్గుపై కప్పియున్న) మట్టి ఎత్తు పనిని, మరి ఎన్నో నిత్యపు పనులను, కష్టకాలపు ఏర్పాటువలె కాంట్రాక్టులకప్పగించి, కష్టకాలము గడచిన పిదప ఆ ఏర్పాటునే శాశ్వతము చేయుటతో.

కావున ఉత్పత్తి ఎంత పెరిగినదో ప్రకటించు ప్రభుత్వములు, ఆ ప్రకటనలోనే స్థిరమైన కొలువులెన్ని మిగిలినవో, అస్థిరమైనవెన్ని చేరినవో కూడ చెప్పవలెను. 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు సమ్మెకట్టి ప్రధానముగా అడిగినది వేతనముల పెంపే గాని అంతకుమించిన గొంతెమ్మ కోరిక కాదు. రెండేండ్ల పిదప, 2024లో దసరాకు ముందు, సంస్థ లాభములలో వాటా ప్రకటింపబడినది: పర్మినెంటు కార్మికునికి సగటున 1.90 లక్షల రూపాయలు. సుమారు 25 వేలమంది కాంట్రాక్టు కార్మికులకు, మొట్టమొదటిసారిగా, తలకు 5,000.