పార్టీలపై విసుగు, స్వతంత్రులపై ఆశ: బ్రిటన్ ఓటరు ఎటువైపు?

బ్రిటన్‌లో 2024 జులై 4న జరిగిన సాధారణ ఎన్నికల్లో లేబర్ పార్టీ ఘన విజయం సాధించింది. 650 స్థానాలున్న కామన్స్ సభలో 411 స్థానాలు గెలుచుకుని, పద్నాలుగేళ్ల కన్సర్వేటివ్ పాలనకు తెర దించింది. పైకి చూస్తే ప్రజలు ఒక పార్టీకి మనసారా పట్టం కట్టినట్లే ఉంది. కాని అంకెలను కాస్త నిదానంగా చూస్తే మరో సంగతి బయటపడుతుంది.

పోలైన ఓట్లలో లేబర్‌కు వచ్చినవి 33.7 శాతం మాత్రమే. పోలింగ్ 60 శాతం కూడా దాటలేదు. అంటే ఓటర్ల జాబితాలో ఉన్న ప్రతి అయిదుగురిలో ఒక్కరే ఆ పార్టీకి ఓటేశారు. ఇంత తక్కువ ఓట్లతో పూర్తి మెజారిటీ సంపాదించిన పార్టీ ఆధునిక బ్రిటన్ చరిత్రలో మరొకటి లేదు. ఎవరికి ఒక్క ఓటు ఎక్కువ వస్తే సీటు వారిదే అన్న పద్ధతి దీనికి కారణం. మన దేశంలో అమలులో ఉన్న ఎన్నికల పద్ధతి కూడా అక్కడి నుంచి వచ్చిందే.

విసుగు నిన్నటిది కాదు

1951 ఎన్నికల్లో లేబర్, కన్సర్వేటివ్ పార్టీలకు కలిపి నూటికి దాదాపు 97 ఓట్లు పడ్డాయి. 2024లో ఆ రెండింటికీ కలిపి వచ్చినవి నూటికి 57. ఈ మార్పు ఒక్క రోజులో రాలేదు. 1980లలో గనులు, ఫ్యాక్టరీలు మూతపడి కార్మిక సంఘాలు బలహీనపడ్డాయి. తండ్రి ఓటేసిన పార్టీకే కొడుకూ ఓటేసే అలవాటు క్రమంగా పోయింది.

ఆ తర్వాత ఇరాక్ యుద్ధం వచ్చింది. 2003 ఫిబ్రవరి 15న లక్షలాది మంది లండన్ వీధుల్లోకి వచ్చి యుద్ధం వద్దన్నారు. మార్చి 18న పార్లమెంటులో 139 మంది లేబర్ సభ్యులు సొంత ప్రభుత్వాన్ని ఎదిరించారు. అయినా యుద్ధం ఆగలేదు. ప్రతిపక్షమైన కన్సర్వేటివ్ నాయకత్వం కూడా యుద్ధాన్నే సమర్థించింది. యుద్ధాన్ని వ్యతిరేకించే ఓటరుకు రెండు పెద్ద పార్టీల్లో దేనిలోనూ చోటు లేకపోయింది. 2009లో పార్లమెంటు సభ్యుల ఖర్చుల కుంభకోణం బయటపడింది. 2022లో ఒక్క ఏడాదిలోనే ముగ్గురు ప్రధానులు మారారు. బ్రిటిష్ సామాజిక వైఖరుల సర్వే 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం, ప్రభుత్వాలు పార్టీ ప్రయోజనం కంటే దేశ ప్రయోజనాన్ని ముందు చూస్తాయని తాము దాదాపు ఎన్నడూ నమ్మబోమని 45 శాతం మంది చెప్పారు.

తెల్లసూటు విలేఖరి, విశ్రాంత డాక్టరు

ఇటువంటి వాతావరణంలో స్వతంత్ర అభ్యర్థులపై ఆశలు పెరగడం సహజం. యుద్ధ వార్తలు పంపడంలో పేరొందిన బి.బి.సి. విలేఖరి మార్టిన్ బెల్ 1997లో టాటన్ నియోజకవర్గంలో అవినీతి వ్యతిరేక నినాదంతో నిలబడ్డారు. ఎప్పుడూ తెల్లసూటులో కనిపించే ఆయనకు దారి ఇస్తూ లేబర్, లిబరల్ డెమోక్రాట్లు పోటీ నుంచి తప్పుకున్నారు. ఆయన పదకొండు వేలకు పైగా ఆధిక్యతతో గెలిచారు. ఒక్కసారే అక్కడ ఉంటానన్న మాట ప్రకారం 2001లో టాటన్ వదిలి మరోచోట పోటీ చేసి ఓడిపోయారు.

అదే 2001లో వైర్ ఫారెస్ట్ నియోజకవర్గంలో విశ్రాంత వైద్యుడు రిచర్డ్ టేలర్ గెలిచారు. కిడర్‌మిన్‌స్టర్ ఆస్పత్రిలో అత్యవసర విభాగాన్ని మూసివేసినందుకు ఊరంతా ఆయన వెంట నడిచింది. ప్రభుత్వంలో ఉన్న సహాయమంత్రిని ఆయన 17,630 ఓట్ల తేడాతో ఓడించారు. 2005లో మళ్లీ గెలిచి 2010లో ఓడారు. ఆస్పత్రి సమస్య ఒక పార్టీదో ఒక వర్గానిదో కాదు, ప్రతి ఇంటిదీ. ఆయన రెండుసార్లు గెలవడంలోని కీలకం అదే. అయినా అత్యవసర విభాగం మునుపటిలా తిరిగి రాలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

కదిలిన కంచుకోటలు

2024లో కథ మరో మలుపు తిరిగింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 జనాభా లెక్కల ప్రకారం 39 లక్షల మంది, అంటే నూటికి 6.5 మంది ముస్లిములు. దశాబ్దాలుగా వీరిలో ఎక్కువమంది లేబర్‌కే గంపగుత్తగా ఓట్లు వేస్తూ వచ్చారు. 2023 అక్టోబరు తర్వాత గాజాపై యుద్ధం సాగుతుండగా నవంబరు 15న కాల్పుల విరమణ కోరుతూ పార్లమెంటులో సవరణ ప్రతిపాదన వచ్చింది. సమర్థించవద్దని లేబర్ నాయకత్వం ఆదేశించింది. 56 మంది లేబర్ సభ్యులు ఆదేశాన్ని కాదని ఓటేశారు. ప్రతిపాదన మాత్రం వీగిపోయింది.

ఆ కోపం బ్యాలెట్ పెట్టెల్లో కనిపించింది. లెస్టర్ సౌత్‌లో షౌకత్ ఆదం 979 ఓట్లతో లేబర్ అగ్రనేత జొనాథన్ ఆష్‌వర్త్‌ను ఓడించారు. బ్లాక్‌బర్న్ 1955 నుంచి లేబర్ చేతిలో ఉన్న స్థానం. అక్కడ అద్నాన్ హుస్సేన్ 132 ఓట్లతో గట్టెక్కారు. డ్యూస్‌బరీ అండ్ బాట్లీలో ఇక్బాల్ మొహమ్మద్, బర్మింగ్‌హామ్ పెర్రీ బార్‌లో అయూబ్ ఖాన్ గెలిచారు. పెర్రీ బార్‌లో ఓడిన లేబర్ అభ్యర్థి ఖాలిద్ మహమూద్ 2001 నుంచి సభ్యుడు. ఆయనా ముస్లిమే. కాబట్టి ఓటర్లు పేరు చూసి ఓటేశారనడం సరికాదు. లేబర్ నుంచి బయటకు పంపబడిన జెరెమీ కోర్బిన్ కూడా ఇస్లింగ్టన్ నార్త్‌లో స్వతంత్రుడిగా గెలిచారు. అక్కడ ఆయన 1983 నుంచి సభ్యుడు. నలభై ఏళ్లు గడపగడపకూ తిరిగి పనిచేసిన మనిషికి పార్టీ గుర్తు అక్కరలేకపోయింది.

పిట్టపోరు, పిల్లి తీర్పు

అయితే నాణేనికి రెండో వైపు కూడా ఉంది. చింగ్‌ఫర్డ్ అండ్ వుడ్‌ఫర్డ్ గ్రీన్‌లో లేబర్ చివరి నిమిషంలో ఫైజా షాహీన్‌ను పక్కనపెట్టి మరొకరికి టికెట్ ఇచ్చింది. ఫైజా స్వతంత్రురాలిగా నిలబడ్డారు. ఇద్దరికీ దాదాపు పన్నెండున్నర వేల ఓట్ల చొప్పున వచ్చాయి. పదిహేడు వేల ఓట్లతో కన్సర్వేటివ్ నాయకుడు ఇయాన్ డంకన్ స్మిత్ హాయిగా గెలిచారు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటే ఇదే. ఇల్‌ఫర్డ్ నార్త్‌లో లియాన్ మొహమద్ అనే యువతి 528 ఓట్ల తేడాతో ఓడిపోయారు.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి. పార్టీలపై విసుగు ఒకే దిక్కుకు పోదు. వలసలను వ్యతిరేకించే రిఫార్మ్ యు.కె. పార్టీకి అదే ఎన్నికల్లో 41 లక్షల ఓట్లు పడ్డాయి. సీట్లు అయిదే వచ్చినా, 2025 మే స్థానిక ఎన్నికల్లో ఆ పార్టీ పది కౌన్సిళ్లను చేజిక్కించుకుంది. 2024 వేసవిలో సౌత్‌పోర్ట్ హత్యల తర్వాత పుకార్లు నమ్మిన మూకలు మస్జిదులపై దాడులకు దిగిన దేశం అది. ఇంట్లో దీపం ఆర్పేసి చీకటిని తిడితే లాభం లేదు. విసిగి ఇంట్లో కూర్చున్న ఓటరు ఎవరికి మేలు చేస్తున్నాడో ఆలోచించుకోవాలి.

ఇల్లు అలకగానే పండుగ కాదు

గెలిచిన స్వతంత్రుడు సభలో ఏం చేయగలడు? ఆయనకు విప్ ఉండదు, మనసుకు నచ్చినట్లు ఓటేయవచ్చు. ఈ స్వేచ్ఛ చిన్నది కాదు. ఇద్దరు పిల్లలకు మించి సాయం ఇవ్వకూడదన్న నిబంధనను ఎత్తివేయాలని 2024 జులైలో ఓటేసినందుకు ఏడుగురు లేబర్ సభ్యులు సస్పెండ్ అయ్యారు. 2025 నవంబరు బడ్జెట్‌లో అదే నిబంధనను రద్దు చేస్తామని అదే ప్రభుత్వం ప్రకటించింది! అయితే చట్టాలు చేసేది సంఖ్యాబలం. కమిటీల్లో స్థానాలు, ప్రశ్నలకు సమయం చాలావరకు పార్టీల బలాన్ని బట్టే దక్కుతాయి.

అందుకే 2024 సెప్టెంబరులో కోర్బిన్, మిగిలిన నలుగురూ కలిసి సభలో ఇండిపెండెంట్ అలయన్స్‌గా ఏర్పడ్డారు. 2025 జులైలో కోర్బిన్, జారా సుల్తానా కొత్త పార్టీ పెడతామన్నారు. ఆ నవంబరుకల్లా అద్నాన్ హుస్సేన్, ఇక్బాల్ మొహమ్మద్ ఆ ప్రయత్నం నుంచి తప్పుకున్నారు. పార్టీలకు వ్యతిరేకంగా గెలిచినవారిని ఒక పార్టీగా కలిపి ఉంచడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

అలాగని ఆ ఓట్లు వృథా అయ్యాయనలేం. 2024 సెప్టెంబరులో ఇజ్రాయిల్‌కు ఆయుధ ఎగుమతి లైసెన్సుల్లో సుమారు 30ని బ్రిటన్ నిలిపివేసింది. 2025 సెప్టెంబరు 21న పాలస్తీనాను దేశంగా గుర్తించింది. ఇందుకు కారణాలు అనేకం, ఘనతంతా స్వతంత్రులదేనంటే అతిశయోక్తి అవుతుంది. కాని 132 ఓట్లతో, 528 ఓట్లతో సీట్లు తేలుతున్నాయని తెలిసిన పార్టీ ఆ ఓటర్లను మునుపటిలా చులకన చేయలేదు.

నేర్చుకోవలసింది

హైదరాబాదు నుంచి, జిల్లాల నుంచి చదువుకో ఉద్యోగానికో వెళ్లి లండన్, లెస్టర్, బర్మింగ్‌హామ్‌లలో ఉంటున్న మన పిల్లలకూ ఈ చర్చతో సంబంధం ఉంది. కామన్‌వెల్త్ పౌరులు కావడం వల్ల అక్కడ చట్టబద్ధంగా నివసిస్తున్న, 18 ఏళ్లు నిండిన భారతీయులు భారత పాస్‌పోర్టు మీదే బ్రిటన్ ఎన్నికల్లో ఓటు నమోదు చేసుకోవచ్చు. ఈ విషయం తెలియనివారు చాలామందే ఉంటారు.

కోపంతో ఒక ఎన్నిక గెలవవచ్చు, రెండో ఎన్నిక గెలవాలంటే పని కావాలి. కోర్బిన్ నలభై ఏళ్ల సేవ, టేలర్ ఆస్పత్రి ఉద్యమం చెబుతున్నది అదే. గాజా పేరుతో గెలిచిన సభ్యుడు లెస్టర్‌లో ఇళ్ల అద్దెల గురించి, బ్లాక్‌బర్న్‌లో ఆస్పత్రి క్యూల గురించి కూడా అంతే గట్టిగా మాట్లాడాలి. ముస్లిమేతర పొరుగువాడి తలుపు కూడా తట్టాలి. అప్పుడే ఆయన ఒక వర్గం కోపానికి గుర్తుగా మిగలకుండా ఆ ఊరి ప్రతినిధి అవుతాడు.

ఓటు ఒక అమానతు. అడగకుండానే ఏళ్ల తరబడి ఒకే పార్టీకి అప్పగిస్తే ఆ పార్టీకి దాని విలువ తెలియదు. విసుగుతో వాడకుండా వదిలేస్తే విలువే ఉండదు. లెక్క అడిగి ఇచ్చే ఓటుకే గౌరవం. బ్రిటన్ ముస్లిములు 2024లో ఆ లెక్క అడగడం మొదలుపెట్టారు. ఎన్నికకూ ఎన్నికకూ మధ్య కూడా అడుగుతారా లేదా అన్నదాన్ని బట్టి స్వతంత్రుల భవిష్యత్తు తేలుతుంది.