సార్కాయిడోసిస్: రోగి పనేమిటో కూడా అడగాలి

సార్కాయిడోసిస్ అని తేలగానే ఎవరైనా అడిగేది ఎందుకొచ్చిందని. వచ్చే జవాబు ఎక్కువగా ‘కారణం తెలియదు’ అనే. ఊపిరితిత్తుల్లో, ఛాతీలోని లింఫు గ్రంథుల్లో, ఒక్కోసారి కంట్లో, చర్మంలో, గుండెలో రోగనిరోధక కణాలు గుంపుకట్టి సన్నటి గడ్డలుగా మారే ఈ జబ్బుకు ఫలానాదే కారణమని ఇంతవరకూ తేలని మాట వాస్తవం. కానీ ఆ ఒక్క మాటతో సరిపెట్టుకోవడం వల్ల తెలిసిన సంగతులు కూడా ఆస్పత్రి గదిలోకి రావడం లేదు. జబ్బు ఎవరికి రావచ్చో కొంతవరకు జన్యువులు నిర్ణయిస్తాయి. దాన్ని రేపేది మాత్రం చాలాసార్లు ఆ మనిషి పీల్చిన గాలే కావచ్చు. మనం మార్చగలిగింది ఆ గాలినే.

రక్తసంబంధం పాత్రను తక్కువ చేయనక్కర్లేదు. డెన్మార్క్, ఫిన్లాండ్ కవలల అధ్యయనంలో, ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఈ జబ్బుంటే రెండోవారికి ముప్పు మామూలు జనం కంటే సుమారు 80 రెట్లు ఉంది. వేరు వేరు అండాల కవలల్లో అది 7 రెట్లే. అయితే స్వీడన్‌లో కుటుంబాల వివరాలతో వేసిన అంచనాలో వంశపారంపర్యం వాటా 39 శాతం దగ్గర ఆగింది. మిగతాది ఎక్కడుందో వెతకాలంటే ఇంటి బయటికి, పనిచోటికి వెళ్లాలి.

అలా వెళ్లినవారికి దొరికిన గట్టి ఆధారం అమెరికాలోని సేలం పట్టణంలో ఉంది. 1940లలో అక్కడి ట్యూబులైట్ల ఫ్యాక్టరీ కార్మికులకు ఊపిరితిత్తుల జబ్బు వస్తే ‘సేలం సార్కాయిడ్’ అన్నారు. ట్యూబు లోపలి పూతలో వాడిన బెరీలియమే దానికి మూలమని డాక్టర్ హారియెట్ హార్డీ బయటపెట్టారు. సూక్ష్మదర్శినిలో ఆ గడ్డలకూ సార్కాయిడోసిస్ గడ్డలకూ తేడా పట్టలేం. 1993లో అసలు ముడి వీడింది: హెచ్‌ఎల్‌ఏ-డీపీబీ1 జన్యువులో ఒక ప్రత్యేక రూపం రోగుల్లో 97 శాతం మందికి ఉంది, అదే ధూళి పీల్చినా జబ్బు రానివారిలో 30 శాతం మందికే ఉంది. అందరూ పీల్చితే కొందరికే ఎందుకొచ్చిందన్న ప్రశ్నకు ఇంతకంటే సూటైన జవాబు అక్కర్లేదు. ఆ జన్యువున్న మనిషి బెరీలియం జోలికే వెళ్లకపోతే ఆ జబ్బే లేదు.

న్యూయార్క్ అగ్నిమాపక సిబ్బంది సంగతీ చూడండి. 2001 సెప్టెంబరుకు ముందు 15 ఏళ్లలో వారిలో ఏటా లక్షకు 15 మందికి ఇలాంటి జబ్బు కనబడేది. వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట భవనాలు కూలాక తొలి ఏడాదిలో అది 86కు ఎగబాకింది. పరీక్షలు ఎక్కువ చేశారు కాబట్టి కేసులు ఎక్కువ కనబడ్డాయని కొట్టిపారేయవచ్చు. ఆ వాదనలో కొంత పస ఉంది. కానీ ఆ శాఖ 1985 నుంచే ఈ జబ్బును గమనిస్తూ వచ్చింది, తర్వాతి నాలుగేళ్లలో పరీక్షలు సాగుతుండగానే సంఖ్య సగటున 22కు దిగింది. పొగతాగేవారిలో ఈ జబ్బు తక్కువని తేలిన మాటా నిజమే. అది విని బీడీ అంటించేవారికి వేరే జబ్బులు కాచుకుని ఉన్నాయి.

కారణం ఏదైనా స్టెరాయిడ్లే కదా ఇచ్చేది, ఆరా ఎందుకనే డాక్టర్లూ ఉంటారు. కారణం ధూళే అయితే రోగిని దానికి దూరం చేయడం కూడా వైద్యమే, పక్కన పనిచేసేవాళ్లను పరీక్షించడమూ అవసరమే. మన దగ్గర చిక్కు ఇంకా పెద్దది. ఎక్స్‌రేలో మచ్చ కనబడితే ముందు టీబీ అనుకుంటారు, సార్కాయిడోసిస్ రోగులు నెలల తరబడి టీబీ మందులు మింగడం మామూలే. కరీంనగర్ గ్రానైట్, మార్కాపురం పలకల పనుల్లో సిలికా ధూళి ఉంటుంది, దానితో వచ్చే సిలికోసిస్ కూడా ఎక్స్‌రేలో ఈ రెండింటిలాగే కనబడవచ్చు. స్వీడన్‌లో సిలికా పీల్చిన కార్మికుల్లో సార్కాయిడోసిస్ ఎక్కువగా కనబడింది కూడా. ఓపీ చీటీలో వృత్తి అన్నచోట ‘కూలీ’ అని రాస్తే ఇవేవీ తెలియవు. ఏ రాయి, ఎన్నేళ్లు, నీళ్లు కొట్టి కోస్తారా పొడిగానా అని అడిగి రాయడానికి రెండు నిమిషాలు చాలు.