కూలి వేరు, కృప వేరు



ఈ వారం ధ్యానానికి ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం 8, 9 వచనాలు తీసుకుందాం. బైబిలు ఉన్నవాళ్లు తెరిచి చదువుకోండి. లేనివాళ్లకు సారాంశం ఇది: రక్షణ మనం చెమటోడ్చి సంపాదించుకున్నది కాదు, దేవుడు ఊరికే ఇచ్చింది. నమ్మి అందుకోవడం వరకే మన వంతు. కాబట్టి గొప్పలు చెప్పుకోవడానికి ఎవరికీ వీల్లేదు.

"ఊరికే" అన్న మాట వినగానే మనవాళ్లకు ముందు అనుమానం వస్తుంది. రావడంలో తప్పేమీ లేదు. 2006-07లో మిసిసిపీలోని పాస్కగూలా, టెక్సాస్‌లోని ఆరెంజ్ ఓడల యార్డులకు మన దేశం నుంచి సుమారు 500 మంది వెల్డర్లు, పైపు ఫిట్టర్లు వచ్చారు. గ్రీన్ కార్డు ఇప్పిస్తామంటే నమ్మి ఒక్కొక్కరు పది వేల డాలర్లు, అంతకు పైన కూడా ఏజెంట్ల చేతిలో పోశారు. తీరా వచ్చాక క్యాంపులో మంచానికి, తిండికి కలిపి నెలకు 1,050 డాలర్లు జీతంలో కోత పెట్టారు. వాళ్లలో ఐదుగురికి దాదాపు కోటీ నలభై లక్షల డాలర్ల పరిహారం ఇవ్వాలని న్యూ ఆర్లీన్స్ కోర్టులో జ్యూరీ తీర్పు చెప్పేసరికి 2015 వచ్చింది. ఇలాంటివి చూసినవాళ్లం కనుక, దేవుడి దగ్గర కూడా చివర్లో ఏదో బిల్లు చేతిలో పెడతారేమో అనుకుంటాం.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఆదివారం పూట చర్చివాళ్లు క్యాంపుకు వ్యాను పంపిస్తారు. భోజనం పెడతారు. చలికాలంలో కోట్లు, దుప్పట్లు ఇస్తారు. వాళ్ల మనసు మంచిదే. కానీ ప్రసంగం అయ్యాక "ప్రభువును అంగీకరించేవారు చేతులెత్తండి" అన్నప్పుడు మనలో కొందరు మొహమాటానికి చెయ్యెత్తుతారు. అన్నం తిన్నాం కదా, ఎత్తకపోతే ఏమనుకుంటారో అని. అలా ఎత్తిన చెయ్యి కృపను అందుకున్నట్టా, అన్నం బాకీ తీర్చినట్టా? ఈ ప్రశ్నకు జవాబు మన తెలుగునేల మీదే, ఒక కూలీల క్యాంపులోనే దొరుకుతుంది.

జాన్ ఎవరెట్ క్లౌ న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, మిన్నెసోటాలో భూముల సర్వే పనిచేసి, తర్వాత బాప్టిస్టు మిషనరీగా మన దేశానికి వచ్చారు. 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు. 1876-78లో ధాత కరువు వచ్చింది. ఊళ్లకు ఊళ్లు ఎండిపోయాయి. అప్పుడు ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌ దొరకు సర్వే పని తెలుసు కనుక మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చారు. అక్కడ మేస్త్రీలుగా ఉన్నది ఆయన దగ్గరి తెలుగు ఉపదేశులే. పగలు మట్టి పని, విరామంలో దేవుని మాట. వేలమంది విన్నారు. బాప్తిస్మం ఇవ్వమని అడిగారు.

క్లౌ ఇవ్వనన్నారు. ఏడాదికి పైగా ఇవ్వలేదు. కారణం తేలికే. ఆకలిగా ఉన్నవాడు పని ఇచ్చినవాడి ముఖం చూసి ఔనంటాడు. ఆ ఔను అతని సొంతం కాదు. 1878లో వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు, ఇక ఇవ్వడానికి తన దగ్గర ఏ సహాయమూ లేదని క్లౌ చెప్పారు. సహాయం కోసం రాలేదని, కష్టపడే బతికామని వాళ్లు చేతుల మీది బొబ్బలు సాక్ష్యంగా చెప్పారని ఆయన రాసుకున్నారు. అప్పుడే ఒప్పుకున్నారు. ఆ జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది కూడా దొర కాదు. ఆరుగురు తెలుగు ఉపదేశులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ఇచ్చారు.

అన్నం కోసం మతం మారారని తర్వాత ఎందరో అన్నారు. ఎవరి మనసులో ఏముందో దేవునికే తెలుసు. మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. కాలువ తవ్వినందుకు ఇచ్చింది కూలి. అది వాళ్ల హక్కు. బాప్తిస్మం కూలిలో భాగం కాదు. ఆ రెండింటినీ కలపకుండా ఉంచారు కనుకే వాళ్లు అడిగింది వాళ్ల సొంత నిర్ణయం అయింది.

ఇక వినయం సంగతి. ఒంగోలులో తొలిరోజుల్లో పై కులాల పిల్లలు మిషను బడికి వచ్చేవారు. మాదిగలు సంఘంలో చేరడం మొదలయ్యాక, వాళ్లను చేర్చుకుంటే మేము రామని పై కులాలవాళ్లు చెప్పేశారు. క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం ఎదురైందట. లోకం నీచంగా చూసేవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే మొదటి కొరింథీ మొదటి అధ్యాయం అది. మాదిగలను చేర్చుకున్నారు. బడి ఖాళీ అయినా వెనక్కి తగ్గలేదు. తోలు పని చేసేవాడితో ఒకే వరుసలో కూర్చోలేనివాడికి కృప అందలేదు. ఇచ్చేవాడు ఇవ్వక కాదు, ఆ వరుస నచ్చక.

మత్తయి సువార్త 20లోని ద్రాక్షతోట ఉపమానం మనకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. హోమ్ డిపో పార్కింగులో తెల్లారకముందే నిలబడి, ఏ ట్రక్కు ఆగుతుందా అని చూసినవాళ్లకు అది సొంత కథ. సాయంత్రం అయిదింటిదాకా ఎవరూ పిలవనివాణ్ణి యజమాని పిలిచాడు. పొద్దుటినుంచీ చేసినవాడితో సమానంగా ఇచ్చాడు. పిలుపు యజమానిది. లేచి వెళ్లింది కూలివాడు. అతను వెళ్లకపోతే డబ్బు లేదు, నిజమే. అయినా "నేను లేచి నడిచాను కాబట్టి నాకు రోజు కూలి బాకీ" అని అతను అనలేడు. మన నిర్ణయం అంత అవసరం. మన గొప్ప అంత తక్కువ.

దేవుని పిలుపు ఎంత, మనిషి నిర్ణయం ఎంత అని భక్తులు ఎప్పటినుంచో వాదించుకుంటున్నారు. ఇంగ్లాండు, అమెరికాల్లో పేరుపొందిన బోధకులు జార్జ్ విట్‌ఫీల్డ్, జాన్ వెస్లీ 1740 ప్రాంతంలో దీనిమీదే విడిపోయారు. 1770లో విట్‌ఫీల్డ్ మసాచుసెట్స్‌లో కన్నుమూస్తే లండనులో సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీయే. లెక్క తేలకపోయినా ఒకరినొకరు గౌరవించుకోవచ్చని దీన్నిబట్టి తెలుస్తోంది.

మన గదుల్లో ఆ గౌరవం ఉందా? పై మంచం మీదివాడు శనివారం తాగి వస్తాడు. పక్కమంచంవాడు వెంకటేశ్వరస్వామి పటానికి అగరొత్తి వెలిగిస్తాడు. "నేను రక్షణ పొందినవాణ్ణి, వీళ్లలా కాదు" అని మనసులో అనుకున్నామంటే లూకా సువార్త 18లోని పరిసయ్యుడి పక్కన నిలబడినట్టే. తల ఎత్తలేక దూరంగా నిలబడిన సుంకరే ఆరోజు నీతిమంతుడిగా ఇంటికి వెళ్లాడు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. వినయం అంటే కూలి వదులుకోవడం కాదు. క్రైస్తవుడివి, సర్దుకుపొమ్మని ఓవర్‌టైం ఎగ్గొట్టేవాళ్లు ఉంటారు. పనివాడి కూలి బిగబడితే ఆ మొర దేవుని చెవిన పడుతుందని యాకోబు పత్రిక అయిదో అధ్యాయం చెబుతోంది. యజమాని దగ్గర మీ గంటలు లెక్కపెట్టి అడగండి. దేవుని దగ్గర మాత్రం లెక్క చూపించకండి.

కనుక సహోదరులారా, ఈ ఆదివారం వ్యాను వస్తే వెళ్లండి. తృప్తిగా భోంచేయండి, పెట్టినవారికి కృతజ్ఞత చెప్పండి. అక్కడితో ఆ బాకీ తీరిపోయింది. చెయ్యెత్తమన్నప్పుడు మీ మనసు ఔనంటేనే ఎత్తండి. కాదంటే దించుకునే ఉండండి. ఆయన తొందరపెట్టడు. సాయంత్రం అయిదింటికి కూడా పిలిచేవాడు ఆయన.

ప్రార్థన: ప్రభువా, నీకు ఇవ్వడానికి మా దగ్గర ఏమీ లేదు. ఖాళీ చేతులతో వచ్చాం. అందుకోవడం నేర్పించు, అందుకున్నాక పక్కవాణ్ణి చిన్నచూపు చూడకుండా కాపాడు. ఆమేన్.