అద్దెకు నాలుగు చక్రాలు

జంషెడ్‌పూర్‌లో కద్మా ప్రాంతంలో కాపురముంటున్న ఆ వృద్ధ దంపతులకు అమెరికా ప్రయాణం నిశ్చయమైన నాడు ఇంట్లో జరిగిన చర్చ అంతా ఊరగాయల గురించే. ఎన్ని కిలోలు పట్టుకువెళ్ళాలి, ఏ డబ్బాలో పెట్టాలి, నూనె కారకుండా ఎలా కట్టాలి - ఇవే ప్రశ్నలు. పెద్దాయన మోకాళ్ళ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఆయనకు కోపం వస్తుందని అందరికీ తెలుసు.

ఆయన తండ్రి శ్రీకాకుళం ప్రాంతం నుంచి పొట్టచేత పట్టుకుని ఉక్కు కర్మాగారానికి వచ్చిన మనిషి. ఆయన కూడా అదే కర్మాగారంలో ముప్పయ్యేళ్ళకు పైగా ఓవర్‌హెడ్ క్రేను నడిపారు. కరిగిన ఉక్కు నిండిన బానను మనుషుల తలల మీదుగా తొణకకుండా దాటించడం ఆయన పని. రోజూ క్రేను గదికి నిచ్చెన మెట్లు ఎక్కి దిగిన ఆ కాళ్ళు, పదవీ విరమణ అనంతరం మూడవ అంతస్తు కూడా ఎక్కలేని స్థితికి వచ్చాయి. వీధి చివర వరకు నడిచి, అరుగు మీద కాసేపు కూర్చుని తిరిగివస్తారు. "బాగానే వున్నాను" అంటారు.

విమానాశ్రయంలో ఒక చిత్రం జరిగింది. చక్రాల కుర్చీ కావాలని కొడుకు టిక్కెట్టు కొన్నప్పుడే చెప్పి వుంచాడు. పెద్దాయన మారుమాట లేకుండా అందులో కూర్చున్నారు. కారణం సులభమే. అమెరికా వెళ్ళే విమానం దగ్గర మన తెలుగు తల్లిదండ్రులు వరుసగా చక్రాల కుర్చీలలో కనిపిస్తారు. వారిలో సగం మంది నిక్షేపంగా నడవగలవారే. భాష తెలియదు, ఏ ద్వారం ఎక్కడుందో తెలియదు, ఇంతింత పత్రాలు నింపాలి. కుర్చీ అడిగితే దానితోపాటు దారి చూపే మనిషి కూడా వస్తాడు. కనుక అక్కడ కుర్చీ ఎక్కడం అనారోగ్యానికి గుర్తు కాదు, ఆచారం. నలుగురితోపాటు కూర్చున్నప్పుడు సిగ్గెందుకు?

సిగ్గు ఫ్లారిడాలో మొదలయింది.

కొడుకు అట్లాంటాలో వుంటాడు. అక్కడినుంచి ఓర్లాండో కారులో ఏడెనిమిది గంటల ప్రయాణం. వాల్ట్ డిస్నీ పేరుమీద 1971 అక్టోబరు 1న ప్రారంభమైన వినోదనగరం అక్కడ వున్నది. దీనికోసం ఆనాడు కొన్న భూమి సుమారు 27 వేల ఎకరాలు. అందులోనే 1982లో తెరిచిన ఎప్‌కాట్‌లో ఒక సరస్సు చుట్టూ పదకొండు దేశాల మండపాలున్నాయి. ఆ సరస్సును ఒకసారి చుట్టివస్తేనే రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ. పొద్దున్న ద్వారం దగ్గర మొదలుపెట్టి రాత్రి బాణసంచా వరకు తిరిగే మనిషి పది కిలోమీటర్లు దాటడం అక్కడ వింత కాదు.

కొడుకు ముందుగానే ఒక విద్యుత్ స్కూటరు అద్దెకు మాట్లాడి పెట్టాడు. స్కూటరు అనగానే మనకు బజాజ్ బండి, దాని వెనుక ఇల్లాలు, ముందు నిలబడిన పిల్లవాడు గుర్తుకు వస్తారు. ఇది అది కాదు. ఒక కుర్చీ, కాళ్ళు పెట్టుకునేందుకు బల్లపరుపు చోటు, ముందు హ్యాండిలు, క్రింద మూడో నాలుగో చిన్న చక్రాలు, సీటు క్రింద బాటరీలు. చప్పుడుండదు. మనిషి గబగబా నడిచేంత వేగంతో పోతుంది. దాన్ని చూడగానే పెద్దాయన ముఖం మాడిపోయింది.

"నేనేమీ కుంటివాణ్ణి కాదు. మీరు తిరిగిరండి. నేను ఇక్కడ చెట్టు క్రింద కూర్చుంటాను" అన్నారు.

"పదివేల మైళ్ళు వచ్చింది చెట్టు క్రింద కూర్చోడానికా, నాన్నగారూ?" అన్నాడు కొడుకు. కోడలు ఏమీ అనలేక ఊరుకున్నది. అప్పుడు ఆయన భార్య, "మన పెళ్ళిలో పల్లకీ ఎక్కి ఊరేగినప్పుడు మీ కాళ్ళు బాగానే వున్నాయిగా! అప్పుడు లేని నామోషీ ఇప్పుడెందుకు?" అన్నది.

ఆమె ఎత్తిపొడుపుగా అన్నా, మాట తప్పు కాదు. నడకను అద్దెకు తెచ్చుకోవడం మన దేశానికి కొత్త విషయం కానే కాదు. తిరుమల కొండకు 1944లో ఘాట్ రోడ్డు పడేవరకు, మెట్లెక్కలేని ముసలివారు డోలీ కుదుర్చుకునేవారు. డోలీ మోసే బోయీలతో బేరమాడేవారు, బరువును బట్టి మనుషులను పెంచేవారు. శబరిమలలో ఇప్పటికీ డోలీలున్నాయి. దేవుడి దగ్గరకు మరొకరి భుజాలమీద వెళ్ళడాన్ని ఎవరూ చిన్నతనంగా తలచలేదు. విహారానికి వెళ్ళేటప్పుడే మనిషికి తన కాళ్ళు ఎందుకో ప్రతిష్ఠ సమస్య అవుతాయి.

పాశ్చాత్య దేశాలలో ఈ అద్దె వ్యాపారం పెద్ద ప్రదర్శనలతో పెరిగింది. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలోనే చక్రాల కుర్చీలు, వాటిని తోసే మనుషులు అద్దెకు దొరికేవారు. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో కాలేజీ విద్యార్థులు ఈ కుర్చీలను తోసి వేసవి ఖర్చులు సంపాదించుకున్నారు. వివేకానందస్వామి ప్రసంగించిన విశ్వమత మహాసభ ఆ ప్రదర్శనను పురస్కరించుకొని జరిగినదే. ఆ సంవత్సరం జపాను నుంచి వాంకూవరుకు స్వామి ప్రయాణించిన ఓడలో తోటి ప్రయాణికుడు జంషెడ్జీ టాటా. పెద్దాయన జీవితమంతా గడిచిన ఊరికి తరువాత ఆ పేరే పెట్టారు. చికాగోలోని అద్దె కుర్చీలు జంషెడ్జీ కంటపడ్డాయో లేదో చరిత్ర చెప్పదు.

అయితే ఆ కుర్చీలన్నీ వెనుకనుంచి మరొకరు తోయవలసినవి. అసలు లోటు అక్కడే వున్నది. కూర్చున్నవాడు ఎటు చూడాలో, ఎంతసేపు ఆగాలో తోసేవాడే నిర్ణయిస్తాడు. ఈ లోటును 1655లోనే ఒకడు గుర్తించాడు. జర్మనీలో నూరెంబర్గు దగ్గర గడియారాలు చేసే స్టెఫాన్ ఫార్‌ఫ్లర్ కాళ్ళు చచ్చుబడిన మనిషి. చేతులతో పళ్ళచక్రాలు త్రిప్పితే తనంతట తానే కదిలే మూడు చక్రాల బండిని తనకోసం తయారుచేసుకున్నాడు. ఆ తరువాత మూడు శతాబ్దాలకు, 1968లో, అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో గొట్టాల పనిచేసే ఆలన్ థీమ్ నరాల జబ్బుతో నడక పోగొట్టుకుంటున్న కుటుంబసభ్యురాలి కోసం బాటరీతో నడిచే బండి ఒకటి కట్టాడు. దానికి 'అమీగో' అని పేరుపెట్టాడు. స్పానిష్ భాషలో స్నేహితుడని అర్థం. ఈనాటి విద్యుత్ స్కూటర్లకు అదే మూలం. ఒకడు తనకోసం చేసుకున్నాడు, ఇంకొకడు ఇంట్లోవారికోసం చేశాడు. ఈ రెండు బండ్లూ పెద్ద ప్రయోగశాలల్లో పుట్టినవి కావు.

ఓర్లాండోలో పెద్దాయనను ఒప్పించినది భార్య పల్లకీ మాట కాదు, కొడుకు బ్రతిమాలడమూ కాదు. ఆయనను కూర్చోబెట్టినది ఒక మీట.

బండి తెచ్చి ఇచ్చిన కుర్రవాడు దాన్ని నడిపే విధానం చూపించాడు. హ్యాండిలు క్రింద మీట వుంటుంది. దాన్ని బొటనవేలితో నొక్కితే కదులుతుంది. వదిలితే అదంతట అదే ఆగిపోతుంది, బ్రేకు పడిపోతుంది. వేరే బ్రేకు వేయనక్కరలేదు. పెద్దాయన చెవులు నిక్కించారు. నడిపేవాడి చెయ్యి జారితే, స్పృహ తప్పితే యంత్రం ఆగిపోవాలి - ఈ సూత్రం ఆయనకు కరతలామలకం. తలమీద మరుగుతున్న ఉక్కును మోసే యంత్రంతో జీవితం గడిపినవాడు అటువంటి ఏర్పాటును గౌరవించకుండా వుండలేడు. దగ్గరకు వెళ్ళి మీటను రెండుసార్లు నొక్కి వదిలారు. వేగం త్రిప్పే బిళ్ళమీద ఒకవైపు తాబేలు, ఒకవైపు కుందేలు బొమ్మలుండడం చూసి నవ్వారు. "తాబేలు దగ్గర పెట్టు" అన్నారు మనుమడితో.

మొదటి గంట ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు. మధ్యాహ్నానికి బండి సంగతి మరచిపోయి, మండపాల సంగతి మాట్లాడసాగారు. వెనుకనుంచి "మెల్లగా" అని భార్య అరవవలసి వచ్చింది.

ఇటువంటి బండి తీసుకునేవారు కొన్ని విషయాలు తెలుసుకోవాలి. మూడు చక్రాలది ఇరుకు చోటులో సులువుగా మళ్ళుతుంది, కాని వేగంగా మలుపు తిప్పితే ఒరిగే ప్రమాదం వున్నది. నాలుగు చక్రాలది స్థిరం. వాలు ఎక్కేటప్పుడు నిటారుగా ఎక్కాలేగాని ఏటవాలుగా ఎక్కరాదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తాళం తీసివేయాలి. లేకపోతే లేవడానికి హ్యాండిలు పట్టుకున్న చెయ్యి మీటను నొక్కుతుంది, బండి ముందుకు దూకుతుంది. జరిగే ప్రమాదాల్లో ఇది సర్వసాధారణం. రాత్రి మరువకుండా విద్యుత్తు ఎక్కించాలి. డిస్నీ ఉద్యానాల లోపల అద్దెకిచ్చే బండ్లు ముందు వచ్చినవారికి ముందు పద్ధతిన దొరుకుతాయి, ఉద్యానం దాటి బయటకు పోనివ్వరు. బయటి వ్యాపారుల దగ్గర తీసుకుంటే బసకు తెచ్చి ఇస్తారు, ఉన్నన్నాళ్ళూ మనవద్దే వుంటుంది.

ఈ సదుపాయానికి చీకటి కోణం లేకపోలేదు. ఒకప్పుడు అక్కడ చక్రాల కుర్చీలో వచ్చినవారిని కుటుంబంతో సహా పొడవైన వరుసలు తప్పించి లోపలికి పంపేవారు. కొందరు ధనవంతులు వికలాంగులను గంటల లెక్కన కుదుర్చుకుని తమ కుటుంబంలో చేర్చుకుని వరుసలు దాటుతున్నారని 2013లో పత్రికలు బయటపెట్టాయి. ఆ యేడే నిబంధనలు మారాయి. కుర్చీ అద్దెకు దొరికినట్టే, కుర్చీలోని మనిషీ అద్దెకు దొరికాడన్నమాట! ఆ మార్పువల్ల నష్టపోయినవారు నిజంగా నిలబడలేనివారేనని వేరుగా చెప్పాలా?

పెద్దాయన జంషెడ్‌పూర్ తిరిగివచ్చారు. ఫిబ్రవరి గడిచింది. మార్చి 3 దగ్గరపడింది.

ఆ ఊరిలో బ్రతికినవారికి ఆ తేదీ గురించి చెప్పనక్కరలేదు. జంషెడ్జీ 1839లో జన్మించిన రోజు అది. ఆ సందర్భంగా జూబ్లీ పార్కు అంతా దీపాలతో వెలుగుతుంది. కంపెనీ యాభై యేళ్ళు నిండిన సందర్భంలో నగరవాసులకు కానుకగా ఇచ్చిన ఉద్యానమిది. 1958 మార్చి 1న నెహ్రూ ప్రారంభించారు. మైసూరు దగ్గరి బృందావనాన్ని తలపించే ఫౌంటెన్లు, గులాబీతోట, జయంతి సరోవరం, ఒక ప్రక్క జంతుప్రదర్శనశాల - మొత్తం రెండు వందల ఎకరాలకు పైమాటే. ప్రారంభమైన యేడు ఆయన తండ్రి భుజాలమీద కూర్చుని ఆ దీపాలు చూశారు. తరువాత తన కొడుకును భుజాలమీద కూర్చోబెట్టుకుని చూపించారు. గడిచిన నాలుగేళ్ళుగా, "ఆ జనంలో ఎవడు పోతాడు?" అంటూ ఇంట్లోనే వుండిపోయారు.

ఈసారి ఆయనే స్కూటరు కోసం వాకబు చేశారు. అటువంటిది అద్దెకు ఇచ్చేవారు ఆయనకు కనబడలేదు. మన ఊళ్ళలో వైద్య పరికరాల దుకాణాలవారు మంచాలు, ఆక్సిజన్ యంత్రాలు, చక్రాల కుర్చీలు నెల అద్దెకు ఇస్తారు. అవి రోగి ఇంటికి వెళ్ళే వస్తువులు. ఒక్క సాయంత్రం దీపాలు చూసి రావడానికి కుర్చీ కావాలంటే దుకాణదారుడు వింతగా చూస్తాడు. చట్టం లేకపోలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రజలు వాడే భవనాలకు, స్థలాలకు వాలుదారులు, తగిన వెడల్పు ద్వారాలు వుండాలంటున్నది. పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగుకంటె ఎక్కువ ఎత్తు లేని వాలు మనిషి తోయగలిగినదని అందరూ అంగీకరించిన కొలత. 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు మించని బాటరీ బండికి రిజిస్ట్రేషను బెడద కూడా లేదు. కాని ఆ చట్టం క్రింద ముఖ్యమైన ప్రయోజనాలకు నలభై శాతం వైకల్యం వున్నట్లు ధ్రువపత్రం కావాలి. కేవలం మోకాళ్ళు అరిగిన ముసలివాడు ఎక్కడికి చెందుతాడు? వైద్యుని దృష్టిలో అది వయసు. ఆయన దృష్టిలో అసలేమీ లేదు. పత్రం లేని ఈ అశక్తులే మన ఇళ్ళలో అధిక సంఖ్యాకులు. వీరు ఏ జాబితాలోనూ కనిపించరు. "మీరు వెళ్ళిరండి, నేను ఇల్లు చూస్తుంటాను" అనే మాటలో మాత్రం వినిపిస్తారు.

చివరకు మామూలు కుర్చీయే కుదిరింది. కొంత డబ్బు ధరావతు కట్టి, రెండు రోజులకు తెచ్చుకున్నారు. ముందు బ్రేకులు, పాదాలు పెట్టుకునే రేకులు, టైర్లలో గాలి ఆయనే పరీక్షించారు. మొదటి రాత్రి జనసమ్మర్దం విపరీతమని తెలిసి, మరునాడు చీకటిపడకముందే బయలుదేరారు. ప్రక్కింటి కుర్రవాడు తోశాడు. ఎక్కడ ఆగాలో, ఎటు తిరగాలో పెద్దాయన చెయ్యెత్తి సైగలు చేశారు. క్రేనుకు క్రిందినుంచి సైగలు చేసే మనిషి భాష అది. కుర్రవాడికి ఐదు నిమిషాల్లో పట్టుబడింది.

సరోవరం దగ్గరకు చేరేసరికి దీపాలు వెలిగాయి. ఆయన చాలాసేపు చూశారు. అప్పుడు గమనించారు, భార్య ఒక చెప్పు విడిచి, పాదం నొక్కుకుంటూ నిలబడి వున్నది. ఇంటినుంచి కుర్చీ ప్రక్కనే నడిచి వచ్చిన మనిషి.

బ్రేకు వేయించి, కుర్రవాడి భుజం పట్టుకుని ఆయన లేచారు. "నువ్వు కూర్చో" అన్నారు.

"బాగుంది. నాకేమయింది?" అన్నది ఆమె.

"పల్లకీ అనుకో."

ఆమె అటూ ఇటూ చూసింది. తెలిసినవారెవరూ లేరని నిశ్చయించుకుని కూర్చున్నది. ఆయన వెనుకనుంచి రెండు పిడులూ పట్టుకున్నారు. ఆయనకు అది ఊతం కూడా అయింది. కుర్రవాడు ప్రక్కన జాగ్రత్తగా నడుస్తూండగా, గట్టు వెంట ఓ యాభై అడుగులు మెల్లగా తోశారు.

మరునాడు కుర్చీ తిరిగి అప్పగించడానికి వెళ్ళినప్పుడు, రోజుకు కాకుండా నెలకైతే అద్దె ఎంత తగ్గుతుందని ఆమే అడిగింది.